కొయ్యబారిన క్షణము – తరువాతి జీవితము

మన తెలుగు పలుకుబడిలో భయమునకు సంబంధించిన మాటలు రెండు తెగలుగా కనబడును. “గుండె దడదడలాడినది, కాలికి బుద్ధి చెప్పినాను” అనునది ఒక తెగ. “కాళ్ళు చేతులు ఆడలేదు, నోట మాట రాలేదు, కొయ్యబారిపోయినాను” అనునది రెండవ తెగ. మొదటి మాట చెప్పువాడు తల యెత్తి చెప్పును. వినువారు నవ్వుదురు, మెచ్చుకొందురు. రెండవ మాట చెప్పువాడు తల వంచుకొని చెప్పును. పెక్కుమంది చెప్పనే చెప్పరు. ఈ తల వంచుకొనుట ఎందులకు, అది న్యాయమా, దానివలన మనుష్యుని తరువాతి బ్రతుకు ఏమగుచున్నది అను విషయమును శ్రోతలకు మనవి చేయవలెనని మా ఉద్దేశము.

మన పూర్వులు ఈ స్థితిని గుర్తింపకపోలేదు. భరతుని నాట్యశాస్త్రమున సాత్త్విక భావములు ఎనిమిది చెప్పబడినవి. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అనునవి అవి. స్తంభమనగా కదలిక లేక నిలిచిపోవుట. సంతోషము వలనను, ఆశ్చర్యము వలనను, శోకము వలనను, భయము వలనను అది కలుగునని శాస్త్రము చెప్పినది. చెమట పట్టుట, వెండ్రుకలు నిక్కబొడుచుకొనుట, కన్నీరు వచ్చుట అను వాని నడుమ స్తంభమును చేర్చుటలో గొప్ప అర్థము కలదు. ఇవి యేవియు మనుష్యుడు కోరి చేయు పనులు కావు. భయమున చెమట పట్టినవానిని పట్టుకొని, “నీకు చెమట ఏల పట్టినది?” అని ఎవరును నిలదీయరు. కొయ్యబారినవానిని మాత్రము లోకము నిలదీయును.

రేడియో కార్యాలయమున పనిచేయు మాకు ఈ స్తంభము యొక్క చిన్న రూపము చిరపరిచితము. ఇంటివద్ద గంటలకొలది ముచ్చటింపగల పెద్దమనిషి స్టూడియోలో ఎర్రదీపము వెలిగినంతనే చేతి కాగితము వంక చూచుచు ఊరకుండును. మాట మరచినది కాదు. గొంతు దాటి రాదు. రెండు క్షణములలో తేరుకొని చక్కగా చదువును, పిమ్మట తానే నవ్వుకొనును. ప్రాణాపాయమందు కలుగు స్తంభము ఇంతకంటె ఎన్నోరెట్లు లోతైనది. తేరుకొన్న పిమ్మట అక్కడ నవ్వుకొనుటకు ఏమియు మిగులదు.

ఈ గుణము మనకు అడవినుండి సంక్రమించిన ఆస్తి. శేషాచలపు అడవులలో చిరుతపులి అలికిడి తగిలిన దుప్పి వెంటనే పరుగెత్తదు. చెవులు నిక్కించి, ఎత్తిన కాలు ఎత్తినట్లే ఉంచి, నిలిచిపోవును. కదలని దానిని కనిపెట్టుట వేటమృగమునకు కష్టము. నిలిచినదానికి చూపును, వినికిడియు పదునెక్కును. గుండె వేగము తగ్గును. కండరములు మాత్రము దూకుటకు సిద్ధముగా ఉండును. ఇది మొదటి మెట్టు. అది కొలది క్షణములలో ముగిసి, పరుగుగానో పెనుగులాటగానో మారును.

రెండవ మెట్టు వేరు. మృగము వచ్చి పట్టుకొన్నది, తప్పించుకొను త్రోవ లేదు. అప్పుడు పెక్కు జంతువులు బిగుసుకొని, చచ్చినట్లు పడియుండును. కోడిని నేలకు అదిమి కొంతసేపు ఉంచి చేయి తీసివేసినచో, అది లేచిపోక అట్లే పడియుండుట పల్లె పిల్లలెరిగిన విషయమే. రోము నగరమున ఉండిన అథనాసియస్ కిర్షర్ అను పండితుడు 1646లో దీనిని వర్ణించెను. కాళ్ళు కట్టిన కోడిని నేలపై ఉంచి, దాని కన్నుల యెదుట సుద్దతో గీత గీసి, కట్లు విప్పినను కోడి కదలలేదు. గీతనే త్రాడని భ్రమించినదని ఆయన తలచెను. నేటి శాస్త్రజ్ఞులు గీతతో పని లేదందురు. భయము, బంధనము అను రెండును కలిసిన చోట శరీరమే ఆ స్థితిని తెచ్చుకొనును. దీనికి వారు టానిక్ ఇమ్మొబిలిటీ అని పేరు పెట్టిరి. మనము స్తంభనమని చెప్పుకొందము. చచ్చినదానిపై కొన్ని మృగములకు పట్టు సడలును. ఆ సడలిన క్షణమే ప్రాణము దక్కు క్షణము.

1915లో అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్, భయమునందును కోపమునందును శరీరములో కలుగు మార్పులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆపదలో ప్రాణి తిరుగబడును, లేదా పారిపోవునను సిద్ధాంతము ఆయన వలన లోకమంతట వ్యాపించినది. ఆ సిద్ధాంతము తప్పు కాదు. అయితే జనులు దానిని సగముగా గ్రహించిరి. తిరుగబడనివాడు, పారిపోనివాడు పిరికివాడనియో, ఆపదకు ఒప్పుకొన్నవాడనియో అనుకొనుట అలవాటైనది. మూడవ త్రోవ ఒకటి కలదని సామాన్య జనమునకు తెలియుటకు చాలకాలము పట్టినది.

ఆ మూడవ త్రోవను స్వయముగా అనుభవించి వ్రాసిన ప్రసిద్ధుడు డేవిడ్ లివింగ్‌స్టన్. 1844లో ఆఫ్రికాలో ఒక సింహము ఆయన పైకి దూకి భుజము పట్టి కుదిపివేసెను. ఎడమచేతి ఎముక విరిగినది. ఆ సమయమున తనకు ఒకవిధమైన మైకము కమ్మినదనియు, జరుగుచున్నదంతయు తెలియుచున్నను నొప్పిగాని భయముగాని తోపలేదనియు ఆయన 1857లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఇక్కడ ఒక మాట గమనింపదగియున్నది. సింహము పట్టినప్పుడు నీవేల పెనుగులాడలేదని లివింగ్‌స్టన్‌ను తప్పు పట్టినవారు లేరు. పట్టినది మృగమైనప్పుడు మనకు అర్థమగు విషయము, పట్టినవాడు మనుష్యుడైనప్పుడు అర్థము కాకపోవుటయే ఈనాటి మన చిక్కు.

శరీరములో ఏమి జరుగునో స్థూలముగా చెప్పెదము. మెదడులో అమిగ్డాలా అను చిన్న భాగము అపాయమును పసిగట్టును. అది ఆలోచించు భాగముల అనుమతికై వేచియుండదు. నడిమెదడులో ఒక సన్నని నాళము చుట్టును బూడిదరంగు పదార్థము కలదు. పరుగునకును, పెనుగులాటకును, స్తంభనమునకును ఆజ్ఞలు అక్కడి వేర్వేరు తావులనుండి వెలువడును. స్తంభనము కలిగినప్పుడు అవయవములు బిగియును లేదా వణకును, శరీరము చల్లబడినట్లుండును, నొప్పి తెలియుట తగ్గును, అరవవలెనని తలచినను గొంతు లేవదు. తెలివి మాత్రము పోదు. మూర్ఛకును దీనికిని భేదమిదియే. మూర్ఛపోయినవానికి జరిగినది తెలియదు. స్తంభించినవాడు అంతయు చూచుచు, వినుచు, తన శరీరము తన మాట వినకుండుటనుకూడ చూచును. తరువాతి కష్టమునకు ఇక్కడనే విత్తనము పడుచున్నది.

మన ప్రాంతమున ఇట్టి ఆపదలు అపరిచితములు కావు. 2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులైనవి, స్వర్ణముఖి ఉప్పొంగినది, రాయలచెరువు కట్టకు గండి పడునను భయముతో దిగువ పల్లెల జనులు ఇండ్లు విడిచిరి. 2022 మార్చి 26వ తేదీ రాత్రి భాకరాపేట ఘాటులో నిశ్చితార్థమునకు వచ్చుచున్న వారి బస్సు లోయలో పడి పలువురు మరణించిరి. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు చేరిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి, అనేకులు గాయపడిరి. పలమనేరు, కుప్పము వైపు 1980 దశకమునుండి ఏనుగుల రాకపోకలు కలవు. అక్కడ 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. రాత్రివేళ పొలము కాపలా ఉన్న రైతునకు చీకటిలో ఏనుగు ఎదురగుట నేటికిని జరుగుచునేయున్నది. గుంపు నలుమూలల అదుముచుండగా ఊపిరి అందనివానికిని, బోర్లపడిన బస్సులో చిక్కినవానికిని, భయముతో బంధనము కలిసియే వచ్చును. అట్టిచోట కొందరు అరతురు, కొందరు పెనుగులాడుదురు, కొందరు కొయ్యబారుదురు. ఎవరు ఏమి చేయుదురో ముందుగా వారికే తెలియదు.

ప్రకృతి కలిగించు ఆపదకంటె, మనుష్యుడు మనుష్యునకు చేయు హింసలో ఈ స్తంభనము మరింత స్పష్టముగా పరిశీలింపబడినది. జంతువులలోని స్తంభనమును, బలాత్కారమునకు గురియైన స్త్రీలు చెప్పు స్థితిని పోల్చి, రెండును ఒక్కటియే కావచ్చునని సూసన్ స్వారెజ్, గోర్డన్ గాలప్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు 1979లో వ్రాసిరి. స్వీడను దేశమున స్టాక్‌హోం నగరములో బలాత్కార బాధితుల కొరకు ఒక అత్యవసర చికిత్సాకేంద్రము కలదు. ఘటన జరిగిన నెలలోపల అచ్చటికి వచ్చిన 298 మంది స్త్రీలను పరీక్షించిన ఫలితములు 2017లో ప్రకటింపబడినవి. వారిలో నూటికి 70 మందికి చెప్పుకోదగిన స్తంభనము కలిగినది. నూటికి 48 మందికి అది తీవ్రముగా ఉండెను. అనగా అరచి పెనుగులాడుటయే సహజమని లోకము తలచునుగాని, కొయ్యబారుటయే ఎక్కువమందికి సంభవించినది.

ఆ స్త్రీలలో 189 మందిని ఆరు మాసముల పిమ్మట మరల పరీక్షించిరి. స్తంభనము కలిగినవారికి, కలుగనివారికంటె, ఆఘాతానంతర మనోవ్యాధి వచ్చు అవకాశము రెండున్నర రెట్లకు పైగాను, తీవ్రమైన విషాదరోగము వచ్చు అవకాశము మూడు రెట్లకు పైగాను ఉండినట్లు తేలినది. బ్రెజిల్ దేశపు రియో డి జనీరోలో జరిగిన పరిశీలనలలో, స్తంభనము తీవ్రముగా కలిగిన రోగులకు మందులు అంతగా పనిచేయలేదని వైద్యులు గమనించిరి. ఇది విని ఎవరును అధైర్యపడనక్కరలేదు. స్టాక్‌హోంలో మరల పరీక్షింపబడినవారిలో ఆ మనోవ్యాధి కనబడినది నూటికి 38 మందిలోనే. తక్కినవారిలో అది లేదు. కొయ్యబారిన ప్రతివాని బ్రతుకును చెడదు. అయినను అట్టివారిని మరింత శ్రద్ధతో చూడవలెనను హెచ్చరిక ఇందు కలదు.

బ్రతుకు చెడుట యనగా నేమి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 దశకమున జీవననాణ్యతను కొలుచుటకు ఒక ప్రశ్నావళి తయారుచేయించినది. ఆ కృషిలో మన మద్రాసు, ఢిల్లీ నగరములును పాలుపంచుకొన్నవి. అందలి 26 ప్రశ్నల సంగ్రహరూపమున నాలుగు అంశములు ప్రధానములు: శరీరము, మనస్సు, తోటివారితో సంబంధము, పరిసరములు. మన ఊళ్ళలోని బ్రతుకునకు దీనిని అన్వయించి చూతము. ఏనుగు ఎదుట కొయ్యబారి బ్రతికి బయటపడిన రైతునకు నిద్ర పట్టదు, ఇది శరీరము. అడవి పందికి కొట్టిన డప్పు చప్పుడు విన్నను ఆ రాత్రి కన్నుల కట్టును; ఇది మనస్సు. కాపలాకు నేను రానని చెప్పుటకు సిగ్గుపడి తోటి రైతులతో మాటలు మానును, ఇది సంబంధము. చివరకు ఆ చేను బీడు పెట్టును. ఇది పరిసరము, కూడును. జనసమ్మర్దములో నలిగిన స్త్రీ గుంపు చూచిన భయపడును. తిరుపతి వంటి ఊరిలో గుంపునకు భయపడినచో బస్సు లేదు, బజారు లేదు, గంగమ్మ జాతర లేదు, చుట్టాల పెండ్లి లేదు. ఒంటిపై గాయము మచ్చకూడ ఉండదు. ఇంటి గడప మాత్రము ఆమెకు సరిహద్దగును.

ఆ క్షణము ముగిసినను దాని ప్రభావము ఏల ముగియదు? పరుగెత్తినవాడు తన ప్రాణమును తానే కాపాడుకొంటినని తలచును. కొయ్యబారినవాడు తనకు తానే ద్రోహము చేసికొంటినని తలచును. ఈ తలపునకు తోడు ఇంటివారి ప్రశ్నలు వచ్చును. “ఆడ నిలబడుకోని ఏం చేస్తా ఉంటివిరా?” అని తండ్రి అడుగును. “గెట్టిగా ఒక్క కేక పెట్టింటే అయిపోయేది గదమ్మా” అని పెద్దమ్మ అనును. వారికి ద్వేషము లేదు. బిడ్డపై ప్రేమయే కలదు. కాని ఆ ప్రశ్న బాధితుడు ఒంటరిగా వేయిసార్లు వేసికొన్న ప్రశ్నయే. ఇతరుల నోట అది విన్నప్పుడు అతనికి అది తీర్పుగా వినబడును. అంతట నోరు మూయును. చెప్పుకొననివానికి చికిత్స లేదు. చికిత్స లేనివానికి భయము తీరదు.

రాయలసీమలో పుట్టినవారిమి గనుక మేము మరియొక మాటయు చెప్పవలసియున్నది. మన సీమ పౌరుషమును చిన్ననాటినుండి పొగడుకొందుము. ఆ పొగడ్తకు ఒక వెల కలదు. తమ్ముని కొట్టుచుండగా కదలలేకపోయిన అన్న, ప్రమాదములో భార్య చేయి అందుకొనలేకపోయిన భర్త, జీవితాంతము ఆ మాట పైకి చెప్పక త్రాగుడుననో కోపముననో దానిని పూడ్చుకొనజూతురు. మగవాని శరీరమునకును ఆడుదాని శరీరమునకును నడిమెదడు ఒక్కటియే. పౌరుషము కలవానికి స్తంభనము కలుగదనుట, పౌరుషము కలవానికి జ్వరము రాదనుట వంటిది.

ఈ అజ్ఞానము ఇండ్లలోనే గాక న్యాయస్థానములలోను చాలకాలము నిలిచినది. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసు ఠాణాలో గిరిజన బాలికపై జరిగిన అత్యాచారపు కేసులో, ఒంటిపై గాయములు లేవనియు, ప్రతిఘటించిన గుర్తులు లేవనియు ఎంచి, 1978లో సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టెను. మరుసటి సంవత్సరము ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ఆ తీర్పును విమర్శించుచు బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట ఆందోళన చెలరేగినది. 1983లో చట్టము సవరింపబడి, పోలీసు నిర్బంధము వంటి సందర్భములలో తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో న్యాయస్థానము అట్లే భావింపవలెనని ఏర్పాటు జరిగినది. 2013 సవరణలో, శరీరముతో ప్రతిఘటింపలేదను ఒక్క కారణముచేత స్త్రీ సమ్మతించినట్లు కాదని స్పష్టముగా వ్రాసిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 63వ విభాగమునను ఈ మాట నిలిచియున్నది. చట్టము నేర్చుకొన్నది. చిత్తూరు, తిరుపతి న్యాయస్థానముల మెట్లెక్కు ప్రతివారును, వారికి తోడు వచ్చు బంధువులును దీనిని తెలిసికొనియుండవలెను.

ఇక చేయదగినదేమి? ఆపదనుండి బయటపడినవానిని ముందుగా సురక్షితమైన చోట కూర్చుండబెట్టవలెను. చల్లబడిన ఒంటికి దుప్పటి కప్పి, త్రాగుటకు నీరు ఇచ్చి, తనవారిని దగ్గరకు చేర్చవలెను. జరిగినదంతయు వెంటనే చెప్పుమని బలవంతపెట్టరాదు. చెప్పినచో అడ్డు రాక వినవలెను. “నీ శరీరము నిన్ను కాపాడుటకు దానికి తెలిసిన పని చేసినది, ఇందులో నీ తప్పు లేదు” అను ఒక్క మాట తొలిరోజులలో చెవిని పడుట మేలు. నెల గడచినను నిద్ర రాకుండుట, ఆ దృశ్యమే మరల మరల కనబడుట, ఆ చోటును ఆ మాటను తప్పించుకొని తిరుగుట మానకున్నచో వైద్యుని చూపింపవలెను. తిరుపతి రుయా ఆసుపత్రి వంటి ప్రభుత్వ బోధనాసుపత్రులలో మానసిక వైద్యవిభాగములు కలవు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనను ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు. వైద్యుని ఎదుట సురక్షితముగా కూర్చుండి, ఆ ఘటనను కొంచెము కొంచెముగా మాటలలోనికి తెచ్చుకొను చికిత్సా పద్ధతులు నేడు కలవు. వైద్యుని వద్దకు పోయినప్పుడు “నాకు కాళ్ళు చేతులు ఆడలేదు” అను మాటను దాచరాదు. దానిని బట్టి చికిత్సలో మెలకువలు మారును.

పిల్లలకుకూడ ఈ సంగతి ముందుగానే చెప్పియుంచుట మంచిది. ఎవరైన హాని చేయవచ్చినచో అరవవలెనని, పరుగెత్తవలెనని మనము నేర్పుచున్నాము. అది మంచిదే. దానితోపాటు, “అరవలేకపోయినను, పరుగెత్తలేకపోయినను నీ తప్పు కాదు, ఇంటికి వచ్చి మాతో చెప్పుము” అను రెండవ మాటను చేర్పవలెను. మొదటి మాట మాత్రమే నేర్చిన బిడ్డ, అరవలేకపోయిననాడు తానొక పాఠము తప్పితినని తలచి దానిని దాచిపెట్టును.

మనము చేయగల ఉపకారము ఒక ప్రశ్నను మార్చుకొనుట. “నీవేల ఏమియు చేయలేదు?” అను ప్రశ్నలో నేరారోపణ కలదు; దానికి ప్రపంచములో ఎవరివద్దను సమాధానము లేదు, ఏలయన శరీరము తన నిర్ణయమును మనస్సుతో సంప్రదింపలేదు. “నీకేమి జరిగినది? ఇప్పుడు నీకేమి కావలెను?” అను ప్రశ్నలకు సమాధానము చెప్పవచ్చును. వానికి సమాధానము చెప్పుచు చెప్పుచు కొయ్యబారిన గొంతు మరల కదలుట నేర్చుకొనును. మీ యింటిలో, మీ వీధిలో ఏదైన ఆపద దాటివచ్చి మౌనముగానున్నవారు ఉన్నచో, ఈ రాత్రి వారియొద్ద కొంచెముసేపు కూర్చుండుడని శ్రోతలను కోరుచున్నాము.